ఎల్పీ తిరిగొచ్చింది సరే, లేబుల్ మీద ఎవరి పేరుంది?

అమెరికాలో 2022లో సీడీల కంటే ఎల్పీ రికార్డులు, అంటే ముల్లు పెట్టి వినే పెద్ద నల్ల ప్లేట్లు, ఎక్కువ అమ్ముడుపోయాయి. 1987 తర్వాత అట్లా జరగడం అదే మొదలు. ఆ ఏడు ఎల్పీలు దాదాపు 4.1 కోట్లు పోతే సీడీలు 3.3 కోట్లు పోయాయి. 2024 నాటికి ఎల్పీల లెక్క 4.4 కోట్లకు, వాటి మీద వచ్చిన డబ్బు 140 కోట్ల డాలర్లకు చేరింది. మన ఇళ్ళల్లో అటకెక్కి, అక్కణ్ణుంచి పాత సామాన్లవాడి బండెక్కిన నల్ల ప్లేటు అక్కడ కొత్త సరుకైంది.

ఈ వార్త చదివి నల్లగొండ గడియారం సెంటర్‌కో, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌కో ఎల్పీ కొందామని పోతే ఖాళీ చేతులతో రావాల్సిందే. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో కుప్పలు తిరగేస్తే గీతలు పడ్డ సినిమా రికార్డు ఒకటో రెండో దొరకొచ్చు. కొత్త ఎల్పీ ఆన్‌లైన్లో తెప్పించుకుంటే వేలల్లో పని. మనవైపు పాత పాటల మీద మోజున్నవాళ్ళ డబ్బులు 2017లో వచ్చిన సారెగమా కారవాన్ మీదికి పోయాయి. ఐదువేల పాటలు నింపిన డబ్బా అది. ముల్లు అరగదు, ప్లేటు పగలదు, నాయినకు పుట్టినరోజు కానుకగా ఇవ్వొచ్చు.

అయితే అమెరికా లెక్కల్లో ఆసక్తికరమైన సంగతి ఇంకొకటుంది. ఈ ఎల్పీల గిరాకీని నడిపిస్తున్నది ఎక్కువగా ఆడవాళ్ళ ఆల్బమ్‌లు. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ 2022లో ఒక్క వారంలో 5.75 లక్షల ఎల్పీలు అమ్మింది. 2024 ఆల్బమ్‌కు ఆ మొదటివారం లెక్క 8.59 లక్షలు. 2025 అక్టోబరులో వచ్చినది 13 లక్షలు దాటింది. ఆమె తర్వాతి వరుసల్లో బిల్లీ ఐలిష్, సబ్రీనా కార్పెంటర్, చాపెల్ రోన్ కనిపిస్తారు. పాత వాటిలో ఎమీ వైన్‌హౌస్ ఆగకుండా పోతూనే ఉంది. రికార్డులు పోగేయడం మగవాళ్ళ పిచ్చి అని ఒక పాత నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని ఈ లెక్కలు చిత్తుచేశాయి.

ఇదంతా శబ్దం మీద ప్రేమ అనుకుంటే పొరపాటు. లూమినేట్ అనే సంస్థ అక్కడి అమ్మకాలు లెక్కపెడుతుంది. అది 2023లో చెప్పిన ప్రకారం ఎల్పీ కొన్నవాళ్ళలో సగం మందికి ప్లేయరే లేదు. అంటే వినడానికి కొనడం లేదు, ఉంచుకోవడానికి కొంటున్నారు. పాట ఫోన్లో వింటారు, అట్ట గోడకు పెట్టుకుంటారు. అదే ఆల్బమ్‌ను నీలం ప్లేటు, ఎర్ర ప్లేటు, ఒక పాట ఎక్కువున్న ప్లేటు అని నాలుగైదు రకాలుగా వదిలితే అభిమానులు అన్నీ కొంటారు. 2024లో బిల్లీ ఐలిష్ ఈ పద్ధతి మీద గట్టిగానే మాట్లాడింది, ఇంత ప్లాస్టిక్ వృథా ఎందుకని. ఆమె మాట న్యాయమే. ఆమె ఆల్బమ్ కూడా పలు రంగుల్లో వచ్చిందన్నదీ నిజమే. కాకపోతే వాడేసిన ప్లాస్టిక్ కలిపి చేయించింది.

పాటను ఒకసారి స్ట్రీమింగ్‌లో వింటే కళాకారుడికి వచ్చేది పైసల్లో. ఒక ఎల్పీ అమ్మితే చేతికి ముట్టేది లెక్కకొచ్చేంత. కచేరీలు, ఎల్పీలు, టీషర్టులు లేకపోతే చిన్న గాయని బతుకు నడవదు. పెద్ద గాయనికి ఎల్పీ ఇంకో పనికొచ్చింది. స్విఫ్ట్ మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు, అంటే అసలు రికార్డింగుల హక్కు, 2019లో ఆమెకు దక్కకుండా వేరేవాళ్ళకు అమ్ముడుపోయాయి. ఆమె కొత్త దారి పట్టింది. పాటల రచన హక్కు తనదే కాబట్టి 2021 నుంచి పాత ఆల్బమ్‌లను మళ్ళీ మొదటినుంచి పాడి, తన పేరు కలిపి వదలడం మొదలుపెట్టింది. అభిమానులు పాతవి పక్కనపెట్టి కొత్తవి కొన్నారు. వాటిలో ఒకటి 2023లో వారంలో 6.93 లక్షల ఎల్పీలు పోయింది. 2025 మేలో పాత మాస్టర్లను కూడా ఆమె కొనేసుకుంది. రంగుల ప్లేట్ల వ్యాపారం మీద ఎవరికెన్ని అభ్యంతరాలున్నా, పాడినామె తన గొంతుకు తానే యజమాని కావడానికి ఆ ప్లేటు పనికొచ్చిందన్నది మాత్రం కాదనలేం. నాకు ఈ మొత్తం కథలో పనికొచ్చే ముక్క ఇదే.

ఫ్యాక్టరీల మాటా ఒకటుంది. ఎల్పీ చేయాలంటే ముందు లాకర్ అనే మెత్తటి పూత పూసిన డిస్క్ మీద గాడి కోయాలి. దాని మీద కరెంటుతో నికెల్ పూత పట్టించి అచ్చు తీసి, ఆ అచ్చుతో వేడి పీవీసీ ముద్దను నొక్కాలి. ఆ డిస్కులు చేసేవి అప్పట్లో ప్రపంచంలో రెండే చోట్లు. కాలిఫోర్నియాలో ఉన్నది 2020 ఫిబ్రవరిలో తగలబడిపోయింది, జపాన్‌లోది ఒక్కటే మిగిలింది. మరుసటేడు బ్రిటన్ గాయని అడెల్ ఆల్బమ్‌కు ముందుగానే 5 లక్షల ఎల్పీలు నొక్కించి పెట్టారని వార్తలొచ్చాయి. వంద, మూడొందల కాపీలు చేయించుకునే చిన్న గాయనులు నెలల తరబడి వరుసలో నిలబడ్డారు.

ఇప్పుడు శబ్దం సంగతి. ఎల్పీలో వెచ్చదనం ఉంటుంది, సీడీ బండలాగా ఉంటుంది అంటారు. కొలతలు చూస్తే సీడీయే మేలు. చిన్న చప్పుడుకూ పెద్ద చప్పుడుకూ మధ్య అంతరం సీడీలో 96 డెసిబెల్స్, ఎల్పీలో ఎంత బాగా కోసినా 70కి అటూఇటూ. మరి చెవికి ఎల్పీ ఎందుకు హాయిగా ఉంటుందంటే, 1990ల నుంచి సీడీలను రేడియోలో గట్టిగా మోగాలని, చిన్న చప్పుడునూ పెద్ద చప్పుడునూ ఒకే ఎత్తుకు పిండి తయారుచేశారు. ఎల్పీ గాడి అంత దురుసును ఓర్వదు, ముల్లు ఎగిరిపోతుంది. కోసేవాడు తప్పనిసరై మెత్తగా కోస్తాడు. మనం మెచ్చుకుంటున్నది ఆ మెత్తదనాన్నే.

ఆడగొంతు విషయంలో ఎల్పీకి ఒక చిక్కుంది. బతుకమ్మ చుట్టూ రెండు వరుసల్లో ఆడుతుంటే చూడండి. లోపలి వరుసవాళ్ళు చిన్న అడుగులతో తిరిగొస్తారు. అదే సమయంలో బయటి వరుసవాళ్ళు ఎంతో ఎక్కువ దూరం నడవాలి. ఎల్పీ మీద ముల్లుదీ అదే సంగతి. ప్లేటు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. బయటి అంచున ముల్లు కింద సెకనుకు 51 సెంటీమీటర్ల గాడి నడిస్తే, లోపల లేబుల్ దగ్గర 21 సెంటీమీటర్లే నడుస్తుంది. అదే పాట తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. అప్పుడు మొదట దెబ్బతినేవి సన్నటి, పదునైన శబ్దాలు, అంటే స, శ, ష. ఆడవాళ్ళ గొంతులో ఈ అక్షరాల ఈల మగగొంతు కంటే పైస్థాయిలో ఉంటుంది కాబట్టి ప్లేటుకు ఒక్కో వైపు చివరి పాటలో ఆ సకారాలు గరగరమంటాయి. అందుకే అనుభవమున్నవాళ్ళు హోరున సాగే పాటను మొదట పెట్టి, నెమ్మది పాటను లోపలికి తోస్తారు. వైపుకు 22 నిమిషాలు మించితే గాళ్ళు దగ్గరై శబ్దం తగ్గుతుంది. ఈ రోజుల్లో ఒక ఆల్బమ్‌ను రెండు ప్లేట్లుగా పంచడానికి సగం కారణం ఇది, మిగతా సగం ధర.

మన దేశంలో ఈ నల్ల ప్లేటు మొదలైందే ఆడగొంతుతో. 1902లో గ్రామఫోన్ కంపెనీ ఇంజనీరు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో దిగాడు. మొదట అక్కడి నాటకశాలల్లో పాడే ఇద్దరు అమ్మాయిల పాట తీశాడు. కొద్ది రోజులకే అక్కడి పేరున్న గాయని గౌహర్ జాన్ వచ్చింది. మైకులు లేని కాలం. పెద్ద కొమ్ములోకి మొహం పెట్టి గట్టిగా పాడాలి, మూడు నిమిషాల్లో ముగించాలి. గంట పాడే రాగాన్ని మూడు నిమిషాల్లోకి కుదించడం గౌహర్‌కు తెలిసినట్టు మరొకరికి తెలీదు. పాట చివర ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పేది. ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో తయారయ్యేవి, లేబుల్ అంటించేవాడికి ఎవరి పాటో తెలియడానికి ఆ ఏర్పాటు. కంపెనీ అవసరానికి చేసిన ఆ పని వల్ల ఆమె పేరు నూరేళ్ళు దాటి వినిపిస్తోంది.

పేరున్న ఉస్తాదులు చాలామంది ఆ కొమ్ము ముందు పాడటానికి మొదట్లో జంకారు. గౌరవ కుటుంబాల ఆడవాళ్ళు బయట పాడటమే తప్పు. మిగిలింది ఉత్తరాదిన ఆటపాటలతో బతికే తవాయిఫ్‌లు, దేవదాసీలు, నాటకాలవాళ్ళు. దక్షిణాదిన రికార్డులిచ్చిన బెంగుళూరు నాగరత్నమ్మ ఆ వరుసలోనిదే. 1910లో కవయిత్రి ముద్దుపళని శృంగార కావ్యాన్ని కోతల్లేకుండా అచ్చువేయించి సర్కారు కోపానికి గురైన మనిషి ఆమె. సమాజం వేలెత్తి చూపిన ఆడవాళ్ళే కొత్త యంత్రాన్ని ముందు అందుకున్నారు, పేరూ డబ్బూ చూశారు.

తర్వాత సినిమా వచ్చి లెక్క తిప్పేసింది. 1949లో మహల్ సినిమా పాట దేశమంతా మార్మోగింది. ఆ రికార్డు లేబుల్ మీద గాయని పేరు కామిని అని ఉంది. కామిని అంటే తెర మీది పాత్ర. పాడింది లతా మంగేష్కర్. ఎవరీ గొంతు అని జనం అడగడం మొదలుపెట్టాక గానీ ఆమె పేరు బయటికి రాలేదు. 1960ల్లో ఆమె పాటకు రాయల్టీ కావాలని పట్టుబడితే మహమ్మద్ రఫీ ఒప్పుకోలేదు, ఇద్దరూ కొన్నేళ్ళు కలిసి పాడలేదు. గౌహర్ జాన్ తన పేరు తానే చెప్పుకున్న 47 ఏళ్ళకు, ఆమెకంటే ఎక్కువమంది విన్న గాయనికి లేబుల్ మీద చోటు లేకుండా పోయింది.

తెలుగులో సినిమా బయట పాడినవాటిని ప్రైవేటు రికార్డులు అనేవాళ్ళు. రావు బాలసరస్వతీదేవి ఆరేళ్ళ వయసులోనే గ్రామఫోన్ రికార్డిచ్చి, లలిత సంగీతానికి పేరయింది. టంగుటూరి సూర్యకుమారి పాడిన 'మా తెలుగు తల్లికి' రికార్డు మరొకటి. ఆ పాట మీద మన తెలంగాణలో లెక్క వేరే, ఆ చర్చ ఇక్కడొద్దు. గాయని పేరే సరుకుగా అమ్ముడుపోయిన తెలుగు రికార్డులు ఇవి, నేటి ఆల్బమ్‌కు అవ్వలు. ఆ తర్వాత ఎల్పీ కాలంలో ఆ స్థాయి ఒక్కరికే దక్కింది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం 1963లో ఎల్పీగా వచ్చింది. 1980కి అటూఇటూగా తిరుమల దేవస్థానం కోరిక మీద బాలాజీ పంచరత్నమాల పేరుతో ఐదు ఎల్పీలు. అన్నమయ్యను తెలుగువాళ్ళ ఇళ్ళకు తిరిగి తెచ్చిన ఆ గొంతు తమిళనాడుది. పి. సుశీల పేరు 17,695 పాటలకు 2016లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అన్ని పాటల్లో ఎక్కువ భాగం సినిమా పేరు మీదో, సంగీత దర్శకుడి పేరు మీదో వచ్చినవే. మన దగ్గర ఆడగొంతుకు ఎన్నడూ కరువు లేదు. ఆడవాళ్ళ పేరున ఆల్బమ్‌కే కరువు.

దేవరకొండ దిక్కు పాత మైక్‌సెట్టు షాపుల్లో ఈ సంగతి చేత్తో పట్టుకుని చూడొచ్చు. రేకు పెట్టెలో నిలబెట్టిన ఏడంగుళాల ఈపీలు, 45 చుట్లవి, నాలుగేసి పాటలవి. లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో సినిమా పేరు, కింద సంగీత దర్శకుడు, అన్నిటికంటే చిన్నగా పాట పక్కన 'పి. సుశీల, బృందం'. ఆ బృందంలో ఎవరెవరున్నారో ఏ లేబులూ చెప్పదు. ప్లేటు వెలుగుకు వంచి పట్టుకుంటే మొదటి పాట గాడి నల్లగా మెరుస్తుంది, ఎక్కువసార్లు వేసిన పాట దగ్గర బూడిదరంగు తిరిగి ఉంటుంది. పెళ్ళిళ్ళలో ఏ పాట ఎక్కువ అడిగారో ఆ బూడిద పట్టీయే చెప్తుంది. "ముల్లు దుంకితే చెయ్యి మీద పావలా బిళ్ళ పెడుతుంటిమి, గప్పుడు దుంకకపోతుండె" అంటాడు పెట్టె యజమాని. చెయ్యి అంటే ముల్లును మోసే కడ్డీ; దాని మీది పావలా బరువుకే గాడి గోడలు అరిగిపోయాయి. మంచి ప్లేయర్‌లో ముల్లు బరువు గ్రామున్నర, రెండు గ్రాములు మించకూడదు. అంత అరిగినా ఆ పెట్టెను పాత సామాన్లవాడికి ఇవ్వనంటాడు.

ఆ పెట్టెలో పాలమూరు, నల్లగొండ ఆడవాళ్ళ పాట వెతికితే దొరకదు. నాటు పాట లేదు, విసుర్రాయి పాట లేదు, ఉయ్యాల పాట లేదు. కారణాలు చాలానే. రికార్డింగుకు మద్రాసుకో బెంగుళూరుకో పోవాలి, పెట్టుబడి పెట్టే కంపెనీకి పట్నం కొనుగోలుదారు కావాలి. ఎల్పీకి ముందటి 78 చుట్ల ప్లేటు వైపుకు మూడు నిమిషాలే. ఒకామె అందుకుంటే మిగతావాళ్ళు అనే ఉయ్యాల పాటకు ముగింపే ఉండదు, వచ్చి కలిసేవాళ్ళను బట్టి సాగుతుంది. పైగా అది పొలం గట్ల మీద కూలి మనుషుల పాట, దాన్ని డబ్బు పెట్టి కొనే సరుకుగా ఎవరూ చూడలేదు.

1980ల్లో చౌక క్యాసెట్ వచ్చాకే దారి తెరుచుకుంది. అచ్చు అక్కర్లేదు, ఫ్యాక్టరీ అక్కర్లేదు, రెండు డెక్కులుంటే చాలు కాపీలు తయారు. ఉద్యమ పాటలు క్యాసెట్ల మీదే ఊరూరూ తిరిగాయి. ఆలేరు నుంచి వచ్చిన విమలక్క గొంతు అట్లాగే అందరికీ చేరింది. స్పిన్నింగ్ మిల్లు కార్మికురాలు బెల్లి లలిత భువనగిరి సభల్లో తెలంగాణ పాటను ఎత్తుకుంది. 1999లో ఆమెను చంపి ముక్కలు చేశారు. ఆమె పాడే నాటికి మన దేశంలో ఎల్పీల తయారీ దాదాపు మూతపడింది. ఈ రోజు ఎల్పీ తిరిగొచ్చిందని ఎవరెంత సంబరపడినా, మన పాత పాటల్లో ఒకప్పుడు ప్లేటెక్కిన గొంతులకే ఆ సంబరంలో వాటా. మాస్టరు ఉన్నదాన్నే మళ్ళీ నొక్కుతారు. ప్లేటెక్కని పాట రెండోసారి కూడా ప్లేటెక్కదు.

ఇప్పుడు మన జానపద గాయనుల పాట యూట్యూబ్‌లో ఉంది, కొన్ని కోట్ల చూపులు దాటిపోతోంది. కాబట్టి ఎల్పీ లేదని ఏడ్వాల్సిన పని లేదు. చూడాల్సింది చట్టం. మన కాపీరైట్ చట్టంలో రికార్డింగుకు యజమాని పాడినవాళ్ళు కారు, ఖర్చు పెట్టి తీయించిన నిర్మాత. ఆ హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్ళు. 1963 రికార్డు మీద కంపెనీ హక్కు 2023తో తీరిపోయిందన్నమాట. రచన, బాణీల హక్కు లెక్క వేరే. పాడినవాళ్ళకు ప్రదర్శకుల హక్కు అన్నదాన్ని చట్టంలో చేర్చింది 1994 సవరణే. అంతకుముందు పాడిన మహా గాయనులకు ఒప్పందంలో రాసుకున్నదే దిక్కు. ఈ హక్కు ఇప్పుడు 50 ఏళ్ళుంటుంది. 2012 సవరణ ఇంకో అడుగు వేసి, వ్యాపారానికి వాడుకుంటే పాడినవాళ్ళకూ రాయల్టీ రావాలంది.

పేరు సంగతి కూడా కోర్టుకెక్కింది. 2006లో నేహా భాసిన్ అనే గాయని ఢిల్లీ హైకోర్టుకు పోయింది. ప్రధాన గొంతు తనదైన పాట సీడీ మీద తన పేరును వెనక గొంతుల్లో వేశారని ఫిర్యాదు. కోర్టు రికార్డింగు విని, ప్రధాన గాయని ఆమేనని ప్రాథమికంగా తేల్చి, ఆమె పేరు వేయాలంది. గౌహర్ జాన్ తర్వాత నూట నాలుగేళ్ళకు ఆ పని ఒక కోర్టు చేయాల్సి వచ్చింది.

జానపదానికి వచ్చేసరికి ఇంకా వదులు. సంప్రదాయ పాటకు రచయిత ఎవరో తెలియదు కాబట్టి ఎవరైనా పాడొచ్చు, ఎవరైనా తీయొచ్చు. అయితే ఒక మనిషి నోటి నుంచి తీసిన ఆ ఒక్క పాడటం మీద పాడినామెకు ప్రదర్శకురాలి హక్కుంటుంది. కెమెరా పట్టుకుని ఊరికొచ్చే చానెళ్ళవాళ్ళు దీన్ని తమంతట తాము చెప్పరు. వెయ్యి రూపాయలు, ఒక చీర ఇచ్చి, తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకునే అలవాటు మనకు తెలియనిది కాదు. నారాయణపేట దిక్కో మునుగోడు దిక్కో మీ ఇంట్లో పాడే పెద్దమ్మ ఉంటే, రికార్డుకు ముందే ఆ కాగితంలో మూడు సంగతులు రాయించండి. వీడియో కింద ఆమె పేరు, ఊరు పడాలి. వెంట అందుకున్నవాళ్ళ పేర్లు కూడా ఒక్కొక్కటిగా పడాలి, 'బృందం' అని సరిపెట్టొద్దు. వచ్చే ఆదాయంలో పంపకం ఎంతో అంకెల్లో ఉండాలి. సంతకం రాకపోతే వేలిముద్ర చెల్లుతుంది. కాగితం చదివి వినిపించిన మనిషి పక్కన సాక్షి సంతకం చేస్తే మేలు, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.